కొత్త డొమైన్ ఎక్స్‌టెన్షన్లు కొని పెట్టుకుంటే లాభమా? తరచుగా అడిగే ప్రశ్నలు

డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్, డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటి ఎక్స్‌టెన్షన్లు (వెబ్‌సైట్ అడ్రస్‌లో చివరి చుక్క తర్వాత వచ్చే మాట) ఉన్న పేర్లు ఇప్పుడే కొని పడేస్తే రేపు మంచి రేటొస్తుందా అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. ఒక్కొక్కరు ఒక్కోలా అడుగుతారు గానీ అనుమానాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసేశాను, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఎక్కువ భాగం అమ్ముకుందామని కొనేవాళ్ల కోసం. సొంత సైట్ కోసం కొనేవాళ్ల లెక్క వేరు, వాళ్లకీ ఒకట్రెండు జవాబులున్నాయి.

## ఇంకా కొనలేదు, ఆలోచిస్తున్నా

అసలు కొత్త ఎక్స్‌టెన్షన్లు అంటే ఏవి?

డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ 1985 నాటివి. 2001 ప్రాంతంలో డాట్ ఇన్ఫో, డాట్ బిజ్ లాంటివి కొన్ని వచ్చాయి. మనం కొత్తవి అంటున్నవి 2012లో ఐకాన్ (ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థని చూసుకునే సంస్థ) కొత్త ఎక్స్‌టెన్షన్లు నడపడానికి దరఖాస్తులు పిలిచిన తర్వాత వచ్చినవి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకి ఫీజు 1,85,000 డాలర్లు, అయినా 1,930 దరఖాస్తులు పడ్డాయి. 2013 అక్టోబర్ నుంచి ఒక్కొక్కటే ఇంటర్నెట్‌లోకి వచ్చి, చివరికి 1,200 దాటాయి. వాటిలో కొన్ని వందలు కంపెనీలు తమ బ్రాండ్ పేరు మీద తీసుకున్నవే, మనలాంటివాళ్లకి అమ్మరు. అమ్మకానికి ఉన్నవి కూడా వందల్లో ఉన్నాయి, అసలు తలనొప్పి అక్కడే మొదలవుతుంది.

డాట్ కామ్ ముందే కొన్నవాళ్లు కోటీశ్వరులయ్యారు కదా, ఇవీ ముందే కొంటే అంతే కదా?

అందరూ ఇదే అనుకుని దిగుతారు. కానీ అప్పటి పరిస్థితి వేరు. 1995 దాకా డాట్ కామ్ పేర్లు ఉచితం, ఆ తర్వాత రెండేళ్లకి 100 డాలర్లు. ఎంత మంచి మాటైనా అదే రేటు, ఎందుకంటే ఆ మాటకి ఎంత విలువ ఉందో అమ్మేవాడికీ తెలియదు, పట్టించుకోనూ లేదు. కొత్త ఎక్స్‌టెన్షన్లు నడిపే రిజిస్ట్రీలు ఆ కథ అంతా చూసి వచ్చినవాళ్లు. లాంచ్ చేయకముందే డిక్షనరీ తిరగేసి, జనం ఎక్కువగా వెతికే మాటలు, ఒకటి రెండు అక్షరాల పేర్లు, ఊళ్ల పేర్లు అన్నీ పక్కకు తీసి ప్రీమియం, అంటే ఎక్కువ రేటు పేర్లు, అని ముద్ర వేసేశారు. ఆ తర్వాత ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లకి సన్‌రైజ్ అని ఒక దశ, ఎక్కువ డబ్బు కట్టేవాళ్లకి ముందస్తు దశ ఇంకొకటి. ఇవన్నీ అయ్యాక మామూలు రేటుకి మన దాకా వచ్చేది మిగిలిపోయిన సరుకు. అంటే డాట్ కామ్‌లో ముందొచ్చినవాడికి దక్కిన లాభం ఇక్కడ రిజిస్ట్రీయే ముందుగా జేబులో వేసుకుంది.

అంటే వీటిలో ఎవరికీ డబ్బులు రాలేదా?

వచ్చాయి, కాదనను. 2018లో హోమ్ డాట్ లోన్స్ 5 లక్షల డాలర్లకు అమ్ముడైంది, వెకేషన్ డాట్ రెంటల్స్ కూడా దాదాపు అంతే పలికింది. ఈ రెండింటిలో చుక్కకి అటూ ఇటూ ఉన్న మాటలు కలిపి చదివితే జనం నోట రోజూ వచ్చే మాటే అవుతుంది, పైగా అది ఒక్క కస్టమర్ దొరికినా బోలెడు మిగిలే వ్యాపారం. ఈ రెండూ కుదిరిన చోటే పెద్ద అమ్మకాలు కనిపిస్తాయి. అలాంటి పేర్లు మామూలు రిజిస్ట్రేషన్ రేటుకి మనకి దొరికే అవకాశం చాలా తక్కువ. పోల్చుకోవడానికి చెబుతున్నా, 2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లు పలికింది.

డాట్ కామ్‌లో మంచివన్నీ అయిపోయాయి కదా, మరి మిగిలింది ఇవేగా?

అయిపోవడం నిజమే, 15 కోట్లకు పైగా డాట్ కామ్ పేర్లు రిజిస్టర్ అయి ఉన్నాయి. కానీ సరుకు అయిపోయిందంటే దాని పక్కన ఉన్నదానికి గిరాకీ వస్తుందని లేదు. డాట్ కామ్ దొరకని కంపెనీ చేసే మొదటి పని పేరుకి ముందో వెనకో ఇంకో మాట తగిలించి డాట్ కామే తీసుకోవడం. లేదంటే తమ దేశపు ఎక్స్‌టెన్షన్‌కి వెళ్తుంది. లేదంటే కొత్తవాటిలో ఒకటి రిజిస్ట్రార్ (పేర్లు జనానికి అమ్మే సంస్థ) దగ్గర నేరుగా పది, ఇరవై డాలర్లకి తీసుకుంటుంది. మీ దగ్గర ఉన్నది డాట్ స్టోర్ అయితే వాడికి డాట్ షాప్ ఖాళీగా ఉంది, అదీ లేకపోతే డాట్ ఆన్‌లైన్ ఉంది. ప్రత్యామ్నాయాలు ఇన్ని ఉన్నప్పుడు మీకు వేల డాలర్లు ఎందుకివ్వాలి? ఈ ప్రశ్నకి మీ దగ్గర ఉన్న ఒక్కో పేరుకీ విడిగా జవాబు ఉండాలి.

డాట్ ఏఐ, డాట్ ఐఓ మాటేంటి? అవి బాగా పలుకుతున్నాయి కదా?

పలుకుతున్నాయి, కానీ అవి ఈ కోవలోవి కావు, దేశాల కోడ్‌లు. డాట్ ఏఐ కరేబియన్‌లోని అంగ్విలా అనే చిన్న ద్వీపానిది. 2023లో ఆ ప్రభుత్వ ఆదాయంలో ఐదో వంతుకు పైగా ఈ డొమైన్ల నుంచే వచ్చింది. వాటిని స్టార్టప్‌లు నిజంగా కొని వాడుతున్నాయి, గిరాకీ అంతా అక్కడిదే. అయితే డాట్ ఏఐ కనీసం రెండేళ్లకి ఒకేసారి కట్టాలి, రేటు కూడా ఎక్కువ, కాబట్టి గంపగుత్తగా కొనేవాళ్లకి మోయలేని భారం. ఇక డాట్ ఐఓ బ్రిటిష్ ఇండియన్ ఓషన్ టెరిటరీది. ఆ దీవులపై సార్వభౌమత్వాన్ని మారిషస్‌కి అప్పగించేందుకు 2025 మేలో బ్రిటన్ ఒప్పందం మీద సంతకం చేసింది. దేశాల కోడ్‌ల జాబితాలో నుంచి ఆ కోడ్ తీసేస్తే ఎక్స్‌టెన్షన్ ఏమవుతుందన్న చర్చ నడుస్తోంది. రేపే పోతుందని టెన్షన్ అక్కర్లేదు, అలాంటివి జరిగినా ఏళ్లు పడతాయి. కానీ ఐదేళ్లు దాచుకుని అమ్ముదాం అనుకునేవాడు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

కీవర్డ్ ఎక్స్‌టెన్షన్‌లోనే ఉంటే గూగుల్‌లో పైకొస్తుందట, నిజమేనా?

కాదు. ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న మాటకి ర్యాంకింగ్‌లో అదనపు లాభమూ లేదు, నష్టమూ లేదు అని గూగుల్ 2015లోనే స్పష్టంగా చెప్పేసింది. ఈ మాట చెప్పి అమ్మజూపేవాడి దగ్గర ఏమీ కొనకండి.

గూగుల్ మాతృసంస్థ అల్ఫాబెట్ లాంటి పెద్ద కంపెనీ వాడింది కదా, మిగతావాళ్లూ వస్తారు కదా?

2015 ఆగస్టులో అల్ఫాబెట్ తన సైట్‌ని ఏబీసీ డాట్ ఎక్స్‌వైజెడ్ మీద పెట్టినప్పుడు సరిగ్గా ఇలాగే అనుకున్నారు. డాట్ ఎక్స్‌వైజెడ్‌కి పేరొచ్చింది, కొన్ని పేర్లకి మంచి రేట్లూ వచ్చాయి. కానీ 2016లో రెండో వార్షికోత్సవం పేరు చెప్పి సెంట్ల లెక్కన అమ్మితే జనం ఎగబడి కొన్నారు, ఏడాది తిరిగేసరికి రెన్యూ చేయకుండా వదిలేసిన పేర్లు లక్షల్లో ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ పాపులర్ అయితే సంతోషించేది ముందుగా రిజిస్ట్రీ. మీ చేతిలో ఉన్న పేరు ఎవరికైనా కావాలా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న.

ఇంకా కొత్తవి రాబోతున్నాయట, ఆగడం మంచిదా?

ఐకాన్ తర్వాతి రౌండ్‌కి దరఖాస్తుల గడువు 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12, ఫీజు 2,27,000 డాలర్లు. దరఖాస్తు పడ్డాక పరిశీలన, పోటీ ఉంటే దాని పరిష్కారం, ఒప్పందం ఇవన్నీ అయ్యి జనానికి అమ్మకానికి రావడానికి టైమ్ పడుతుంది. పెట్టుబడి కోణంలో మాత్రం ఒకటే అర్థం, సరఫరా ఇంకా పెరుగుతుంది. ఇప్పటికే అరుదు కాని సరుకు మీద డబ్బు పెట్టినవాళ్లకి ఇది మంచి వార్త కాదు.

మా సొంత వ్యాపారానికి అయితే తీసుకోవచ్చా?

హాయిగా తీసుకోండి. పేరు చిన్నగా, గుర్తుండేలా ఉండి, రెన్యువల్ రేటు మీకు ఓకే అయితే ఇంకేం చూడక్కర్లేదు. క్యాష్ డాట్ యాప్ నడవడం లేదా? ఒక్కటి చూసుకోండి, అదే పేరు డాట్ కామ్ ఎవరి దగ్గర ఉంది? మీ రంగంలోనే ఉన్న పోటీదారు దగ్గర ఉంటే మీకు రావాల్సిన మెయిల్స్, కస్టమర్లు కొంతమంది అటు పోతూనే ఉంటారు. అప్పుడు వేరే పేరు వెతుక్కోవడమే నయం.

## కొనబోతున్నా

మొదటి ఏడాది రెండు డాలర్లే అంటున్నారు, పోతే పోయింది, ఓ వంద కొనేయనా?

రెండు డాలర్లు ఎర. రెన్యువల్ ఎంతో చూడండి, చాలా చోట్ల అది కార్ట్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండు డాలర్లకి ఇచ్చిన పేరుకే రెండో ఏడాది 35 డాలర్లు అడగడం మామూలే. వందకి మొదట 200 కట్టినవాడు రెండో ఏడాది 3,500 కట్టాలి. డొమైన్ అమ్ముడుపోవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి మీరు నిజంగా పెట్టే పెట్టుబడి ఆ 3,500, దాన్ని ఎన్నేళ్లు మోస్తే అన్నిసార్లు. ఐదేళ్ల రెన్యువల్ కలిపి చూసుకున్నాక కూడా కొనాలనిపిస్తే కొనండి. నాకు తెలిసి అప్పుడు వందలో నాలుగైదు కూడా మిగలవు.

తర్వాత రెన్యువల్ రేటు ఇష్టమొచ్చినట్టు పెంచేస్తారా?

పెంచొచ్చు. డాట్ కామ్‌కి రిజిస్ట్రీ ధర మీద పరిమితి ఉంది, పెంచడానికి అనుమతి ఉన్న ఏడాదుల్లో కూడా 7 శాతం దాటకూడదు. 2024 సెప్టెంబర్‌లో ఆ హోల్‌సేల్ ధర 10.26 డాలర్లు అయ్యింది. కొత్త ఎక్స్‌టెన్షన్లకి అలాంటి పరిమితి ఏదీ లేదు. 2017లో యూనిరిజిస్ట్రీ తన ఎక్స్‌టెన్షన్లలో కొన్నిటికి ధరలు ఒక్కసారిగా చాలా రెట్లు పెంచుతున్నట్టు ప్రకటించింది. డాట్ హోస్టింగ్ అయితే 20 డాలర్ల స్థాయి నుంచి 300కి. గోలగోల అయ్యింది, గోడాడీ ఆ సంస్థ ఎక్స్‌టెన్షన్లను అమ్మడమే ఆపేసింది.

మీకున్న రక్షణలు రెండు. రెన్యువల్ ధర పెంచే ముందు రిజిస్ట్రీ 180 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ లోపల పాత ధరకే పదేళ్ల దాకా రెన్యూ చేసుకోవచ్చు. చిక్కేంటంటే ఆ నోటీసు వెళ్లేది రిజిస్ట్రార్లకి, వాళ్లు మీకు చెబితేనే తెలుస్తుంది. రెండోది, మీ సైట్ బాగా నడుస్తోందని మీ ఒక్క పేరుకే రెన్యువల్ పెంచడం కుదరదు, పెంచితే అందరికీ ఒకేలా పెంచాలి. కొనేటప్పుడే ఎక్కువ రెన్యువల్‌కి ఒప్పుకున్న ప్రీమియం పేర్లకి మాత్రం ఇది వర్తించదు.

నాకు నచ్చిన పేరు ప్రీమియం అని 400 డాలర్లు చూపిస్తోంది. కొనొచ్చా?

ఆ 400 ఒక్కసారేనా, ఏటా కట్టాలా? అడగాల్సింది ఇదే. కొన్ని రిజిస్ట్రీలు మొదటిసారి మాత్రమే ఎక్కువ తీసుకుని తర్వాత మామూలు రేటుకి వస్తాయి, కొన్నిటికి ప్రతి ఏడాదీ 400 కట్టాల్సిందే. ఏటా కట్టాల్సిన పేరు అమ్ముదామనుకునేవాళ్లకి పనికిరాదు, మీ దగ్గర కొనేవాడు కూడా ఆ 400 ఏటా మోయాలి కదా, ఆ మేరకు మీకిచ్చే ధర తగ్గించే అడుగుతాడు. తెలివైనవాడైతే అసలు అడగనే అడగడు.

వీటిలో ఏ ఎక్స్‌టెన్షన్ బెటర్?

పేరు లేకుండా ఎక్స్‌టెన్షన్ మాత్రమే చూసి చెప్పలేం. నేనైతే మూడు విషయాలు చూస్తాను. ఆ ఎక్స్‌టెన్షన్‌లో నిజంగా నడుస్తున్న సైట్లు రోజువారీగా కంటపడుతున్నాయా, రెన్యువల్ ధర కొన్నేళ్లుగా నిలకడగా ఉందా, డొమైన్ అమ్మకాల రికార్డులు చూపించే నేమ్‌బయో సైట్‌లో దాని పాత అమ్మకాలు ఒకటి రెండు కాకుండా వరసగా కనిపిస్తున్నాయా. డాట్ యాప్, డాట్ డెవ్ లాంటివి గూగుల్ నడుపుతోంది, వాటికి ఎచ్‌టీటీపీఎస్ (సైట్‌కి సురక్షిత కనెక్షన్) తప్పనిసరి, టెక్నాలజీ వాళ్లు వాడతారు. డాట్ ఎక్స్‌వైజెడ్‌కి ఒక వర్గంలో గిరాకీ ఉంది. ఇక సెంట్లకి పంచిపెట్టే ఎక్స్‌టెన్షన్ల జోలికి పోకపోవడమే మంచిది, స్పామర్లు ముందుగా చేరేది అక్కడికే.

పెద్ద కంపెనీ పేరు కొత్త ఎక్స్‌టెన్షన్‌లో ఖాళీగా ఉంది, కొంటే వాళ్లే వచ్చి కొంటారు కదా?

లాయర్ నోటీసు వస్తుంది. యూడీఆర్‌పీ అని 1999 నుంచీ ఒక విధానం ఉంది, ట్రేడ్‌మార్క్ ఉన్నవాడు ఫిర్యాదు చేసి, మీరు దురుద్దేశంతో కొన్నారని చూపిస్తే పేరు వాడికి వెళ్లిపోతుంది, మీకు పైసా రాదు. కొత్త ఎక్స్‌టెన్షన్లకైతే యూఆర్ఎస్ అని ఇంకా చవకైన, త్వరగా తేలే దారి కూడా పెట్టారు. అది ఖాళీగా ఉందంటే కంపెనీ మర్చిపోయిందని కాదు, వందల ఎక్స్‌టెన్షన్లలో అన్నీ కొనడం దండగని వదిలేసింది. అంటే దానికి ఆ పేరు అక్కర్లేదు, మీ దగ్గర ఉండడమూ నచ్చదు.

## కొనేశాను

వంద పేర్లున్నాయి, ఏడాదికి ఎన్ని అమ్ముడుపోవచ్చు?

డాట్ కామ్ పేర్లు పెట్టుకున్న డొమైనర్లే (డొమైన్లు కొని అమ్మేవాళ్లు) ఏడాదికి వందలో ఒకటో రెండో పోతే మామూలు అని చెప్పుకుంటారు. కొత్తవాటికి అంతకన్నా ఎక్కువ ఆశించడానికి కారణం కనబడదు. వందలో ఒకటే పోయిందనుకుందాం. రెన్యువల్ పేరుకి 35 చొప్పున ఏడాదికి 3,500 డాలర్లు. అమ్మిపెట్టే సైట్ కమిషన్ 20 శాతం అనుకుంటే, ఆ ఒక్క పేరు 4,375 డాలర్లకి పోతేనే మీరు ఎక్కడ ఉన్నారో అక్కడ ఉంటారు, లాభం సున్నా. మీ జాబితాలో 4,375 ఇచ్చి కొనేంత పేరు ఏది, దాన్ని కొనేవాడు ఎవడు? ఎవరూ తట్టకపోతే వంద ఉన్నా వెయ్యి ఉన్నా ఒకటే.

అమ్ముడుపోయే లోపు పార్కింగ్ పేజీ (ప్రకటనలు మాత్రమే ఉండే పేజీ) పెడితే రెన్యువల్ ఖర్చైనా వస్తుందా?

రాదు. పార్కింగ్ డబ్బు జనం అలవాటుగా టైప్ చేసి వచ్చే పేర్లకి వస్తుంది, అలవాటుగా ఎవరైనా టైప్ చేసేది డాట్ కామ్. అమ్మకానికి ఉంది అని బోర్డు పెట్టడానికి మాత్రం ఆ పేజీ వాడుకోండి.

ఈ డొమైన్ నుంచి మెయిల్ పంపితే స్పామ్‌లో పడుతోంది, కొన్ని ఫారాల్లో తీసుకోవడమే లేదు. ఎందుకు?

రెండు వేర్వేరు గొడవలు. పాత సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌టెన్షన్ అంటే రెండు మూడు అక్షరాలే అని రాసి పెట్టేశారు, అందుకే డాట్ ఫొటోగ్రఫీ లాంటిది ఇస్తే తప్పు ఈమెయిల్ అంటుంది. దీన్ని సరిచేయించడానికి ఐకాన్ ఏళ్లుగా యూనివర్సల్ యాక్సెప్టెన్స్ అనే ప్రయత్నానికి అండగా ఉంది, చాలా చోట్ల బాగుపడింది, కొన్ని చోట్ల ఇంకా లేదు. స్పామ్ సంగతి ఎక్స్‌టెన్షన్ పరువుది. చవకగా పంచిన వాటిలో మోసపు సైట్లు ఎక్కువైతే మెయిల్ ఫిల్టర్లు ఆ వీధి మొత్తాన్నీ అనుమానంగా చూస్తాయి, మీరు ఎంత పద్ధతిగా ఉన్నా సరే. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే సెట్టింగులు) మూడూ సరిగ్గా పెట్టుకుంటే కొంత ఉపశమనం దొరుకుతుంది. కొనేవాడు అడిగితే దాచకండి, తర్వాత డీల్ చెడిపోతుంది.

రిజిస్ట్రీ దివాలా తీస్తే నా డొమైన్ పోతుందా?

వెంటనే పోదు. దీనికోసమే ఐకాన్ ఎబెరో అనే అత్యవసర ఏర్పాటు పెట్టింది, రిజిస్ట్రీ చేతులెత్తేస్తే ఇంకో సంస్థ సర్వర్లు నడుపుతుంది. 2017 డిసెంబర్‌లో డాట్ వెడ్ ఈ పరిస్థితికి వచ్చిన మొదటి ఎక్స్‌టెన్షన్. కాబట్టి సైట్ ఆగిపోదు, కానీ అలాంటి ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న పేరుని కొనేవాడు దొరకడం కల.

రెన్యువల్ మర్చిపోయాను, పోయినట్టేనా?

ఇంకా కాకపోవచ్చు. గడువు దాటాక రిజిస్ట్రార్‌ని బట్టి గరిష్ఠంగా 45 రోజుల వరకు మామూలు రేటుకి ఇవ్వొచ్చు, కొందరు ఈలోపే వేలంలో పెట్టేస్తారు. అది దాటి డిలీట్ చేస్తే 30 రోజుల రిడెంప్షన్ (పేరుని వెనక్కి తెచ్చుకునే) దశ, అప్పుడు అదనపు ఫీజు గట్టిగా పడుతుంది. ఆ తర్వాత 5 రోజులు ఏమీ చేయలేం, ఆపై ఎవరైనా తీసుకోవచ్చు. రిడెంప్షన్‌లో పడిన పేరు మీ సొంత సైట్‌ది అయితే కట్టేయండి. అమ్మకానికి కొన్నదైతే, ఇన్నాళ్లూ గుర్తే రాని పేరుకి ఆ ఫీజు ఎందుకు?

## అమ్మాలి

ఆటోమేటిక్ వాల్యుయేషన్‌లో 1,800 డాలర్లు చూపిస్తోంది, ఆ రేటు వస్తుందా?

ఆ అంకెని నమ్మకండి. ఆ టూల్స్ పాత అమ్మకాలు, మాట ఎంత వాడుకలో ఉంది లాంటివి చూసి లెక్క కడతాయి, కొత్త ఎక్స్‌టెన్షన్ల దగ్గర పాత అమ్మకాలే తక్కువ కాబట్టి లెక్క గాల్లో ఉంటుంది. అదే ఎక్స్‌టెన్షన్‌లో, అదే రకం మాట, ఈ మధ్య ఎంతకి పోయిందో చూడండి. ఒక్కటీ దొరకకపోతే అదే మీ జవాబు.

మీ డొమైన్ కొంటాం, ముందు ఫలానా చోట అప్రైజల్ (విలువ కట్టిన) సర్టిఫికెట్ తీసుకోండి అని మెయిల్ వచ్చింది?

మోసం. ఆ సర్టిఫికెట్ అమ్మేదీ, మీకు మెయిల్ పెట్టిందీ ఒకరే. డబ్బు కట్టగానే కొనేవాడు మాయమవుతాడు. నిజంగా కొనేవాడు తన లెక్క తనే వేసుకుంటాడు.

డబ్బు ముందా, డొమైన్ ముందా?

ఎస్క్రో ద్వారా వెళ్లండి, డబ్బు మధ్యవర్తి దగ్గర పడ్డాక డొమైన్ మార్చండి. ఎస్క్రో సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి తెరవండి, కొనేవాడు పంపిన లింక్ నొక్కొద్దు, నకిలీ ఎస్క్రో పేజీలు చాలా తిరుగుతున్నాయి. ఇంకోటి, కొత్తగా రిజిస్టర్ చేసిన లేదా ఈమధ్యే ట్రాన్స్‌ఫర్ అయిన పేరుకి 60 రోజుల లాక్ ఉండొచ్చు, వేరే రిజిస్ట్రార్‌కి మార్చడం కుదరదు. అదే రిజిస్ట్రార్‌లో కొనేవాడి అకౌంట్‌కి మార్చడం సాధారణంగా కుదురుతుంది, ముందే కనుక్కుని చెబితే అవతలివాడు కంగారుపడడు.

రెండేళ్లయింది, ఒక్క ఆఫర్ రాలేదు. ఇన్ని కట్టాక ఇప్పుడు వదిలేస్తే నష్టం కదా?

కట్టింది ఎలాగూ పోయింది, ఇప్పుడు చూడాల్సింది వచ్చే రెన్యువల్. ఒక్కో పేరు ముందు పెట్టుకుని, ఇది ఈరోజు ఖాళీగా ఉండి, ఈ రెన్యువల్ రేటే మొదటి ఏడాది రేటైతే నేను కొంటానా అని అడగండి. కొనను అనిపిస్తే ఆటో రెన్యూ ఆపేయండి. కొందామా అని తటపటాయిస్తే కూడా ఆపేయండి. మిగిలిన ఒకటి రెండింటికి, రెన్యువల్ ధర పెరిగేలా ఉందని వార్త వింటే, ముందే కొన్నేళ్లకి కట్టేసుకుని, కొను బటన్‌తో స్థిరమైన ధర పెట్టి, మార్కెట్ సైట్లలో జాబితా చేసి వదిలేయండి.